నాలుగో పడక దగ్గర తర్జుమా

ఆ సాయంత్రం నాలుగో పడక చుట్టూ ఎవరెవరు ఉన్నారో ముందు రాస్తాను. పడక మీద కోటయ్య మేస్త్రీ. తల వైపు స్టూలు మీద ఆయన భార్య రాఘవమ్మ. కాళ్ళ వైపు కొడుకు శ్రీను, శ్రీను భార్య. కిటికీకి ఆనుకుని మేస్త్రీ తమ్ముడు. పరామర్శకని దాచేపల్లిలో మా బజారు నుంచి బస్సులో వచ్చినవాళ్ళు ఇద్దరు, చిల్లర కొట్టు వెంకటేశ్వర్లు, ఆటో నడిపే అంజి. పక్క పడకలో కాలి పుండుతో చేరిన ఎడ్లపాడు పెద్దాయన, ఆయన కూతురు. మందుల ట్రాలీ దగ్గర వార్డు ఇన్‌ఛార్జి సుజాత సిస్టర్. మనుషులు కాక ఒక గాలి పరుపు, దాని కింద గుర్రుమంటున్న పంపు, బత్తాయిల సంచి, స్టీలు క్యారేజీ, మేస్త్రీ ముక్కులోంచి గొట్టం తీసేశాక చెంప మీద మిగిలిన ప్లాస్టరు జిగురు. నా చేతిలో ఒక గ్లాసు, అందులో స్పూను.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పేషెంట్లు బ్రదర్ అంటారు. కోటయ్య మేస్త్రీని పక్షవాతంతో అంబులెన్సులో తెచ్చిన రోజు, కుడి వైపు చెయ్యీ కాలూ పడిపోయి, నోరు ఎడమకు లాక్కుపోయి ఉంది. మాట లేదు. చెప్పేది అర్థమవుతోంది, చూపు తిప్పుతున్నాడు, కానీ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. స్ట్రెచరు మీంచి పడక మీదకి మార్చేటప్పుడు తల వైపు పట్టుకున్నది నేనే. వంకర తిరిగినా ఆ నోటిని నేను గుర్తుపట్టాను. మా నాన్న కుడి కాలు మోకాలి కింద నుంచి పోయింది ఆ నోటి వల్లే. నేను అతని మీద జాలిపడ్డానని ఎవరైనా అనుకుంటారేమో, ముందే చెబుతున్నాను, పడలేదు. ఎన్నాళ్ళగానో వెతుకుతున్న వస్తువు మన గుమ్మంలోకే వచ్చి పడితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

మా నాన్న యల్లమంద రాయి కొట్టేవాడు. మా చుట్టుపక్కల సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నా, నాన్నకి పని ఎక్కువ దొరికింది మహారాష్ట్రలో. కోటయ్య మేస్త్రీ ఇక్కడి నుంచి మనుషుల్ని రైలెక్కించి తీసుకెళ్ళి అక్కడి క్వారీల్లో పెట్టేవాడు. మేస్త్రీకి హిందీ వచ్చు. మిగతావాళ్ళెవరికీ రాదు. అతని దగ్గరున్న పెట్టుబడి అదొక్కటే. ఓనరు ముందు మా వాళ్ళ గురించి హిందీలో ఒకటి చెప్పి, అదే నిలుచున్నచోట మా వాళ్ళ వైపు తిరిగి తెలుగులో ఇంకొకటి చెప్పేవాడట. రెండు వైపులా నవ్వుతూనే చెప్పేవాడట. నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒకే మాట అనేవాడు. "వాడు నిజం చెప్పేవోడేరా. కాకపోతే నీకు రాని భాషలో చెప్తాడు."

జరిగింది నాన్న మాటల్లో వరసగా ఇదీ. క్రేను ఇనుప తాడు అప్పటికే పోగులు లేచి ఉంది. దాన్ని మార్చాలని మా వాళ్ళు మేస్త్రీకి చెప్పారు. మేస్త్రీ ఓనరుకి చెప్పాడో లేదో తెలియదు. బండ సగం లేచాక తాడు తెగింది. బండ అంచు నాన్న పిక్కని రాసుకుంటూ పోయింది. జీపులో ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎముక విరిగింది, సిమెంటు కట్టు వేశారు. ఆ మర్నాటికి కాలు లోపల ఉబ్బి, కట్టు బిగుసుకుపోయి, వేళ్ళకి స్పర్శ తెలియడం ఆగిపోయింది. ఇప్పుడైతే నాకు ఆ పరిస్థితి పేరు, లక్షణాలు, ఎన్ని గంటల్లో కట్టు కోసి వదులు చేయాలో అన్నీ తెలుసు. అప్పుడు నాన్నకి తెలిసింది ఒకటే, కాలు మొద్దుబారింది. ఆ మాట తెలుగులో అరిచి అరిచి చెప్పాడు. నర్సు వచ్చి వంగి ఏదో అడిగింది. మేస్త్రీ పక్కనే ఉన్నాడు. నాన్న మేస్త్రీకి చెప్పాడు, మేస్త్రీ నర్సుకి చెప్పాడు, నర్సు వెళ్ళి నొప్పి తగ్గే ఇంజెక్షను తెచ్చింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ ఇంజెక్షను. "ఆ సిస్టరు మంచిదిరా," అనేవాడు నాన్న. "పోతా పోతా ఎనక్కొచ్చి మళ్ళీ అడిగింది. నా కాలి ఏళ్ళు కూడా పట్టుకుంది. నాకు ఒక్క ముక్క వచ్చుంటే చెప్పేవోణ్ణే గదా."

కాలు తీసేశాక పక్క పడకలోకి నిజామాబాదు వైపు నుంచి ఒక లారీ క్లీనరు వచ్చాడు. రెండు భాషలూ వచ్చినవాడు. డాక్టరు రౌండ్సుకి వచ్చి నాన్న కాగితం చూసి ఏదో అనడం విని, డాక్టరు వెళ్ళాక అడిగాడట. "అన్నా, ఏమనుకోకు, తాగుడు బాగుంటదా నీకు?" నాన్న జన్మలో తాగలేదు. "లేదు తమ్ముడూ, ఎందుకట్టా అడిగావు?" అన్నాడు. "నువ్వు తాగి గట్టు మీదికెళ్ళి పడ్డవని మీ మేస్త్రీ రాయించిండట గద." తాడు సంగతి ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియనే తెలియదు. అప్పటికి మేస్త్రీ క్వారీకి వెళ్ళిపోయాడు.

నాన్న ఒంటికాలితో వచ్చేసరికి దాచేపల్లిలో మా బజారు మొత్తానికీ కథ ముందే చేరి ఉంది. మేస్త్రీ వేరే పని మీద వచ్చి, వెంకటేశ్వర్లు కొట్టు ముందు నిలబడి, యల్లమంద తాగి పడ్డాడనీ, తానే దయతలచి ఆసుపత్రిలో వేయించాననీ చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత ఇంకోసారి వచ్చినప్పుడు మా అమ్మ నాగమ్మ కొట్టు ముందే అతన్ని నిలేసింది. నేను అమ్మ వెనక ఉన్నాను.

"మా ఆయన నోట్లో చుక్క పడ్డం చూసినోణ్ణి ఒక్కణ్ణి పిలువు. ఒక్కణ్ణి!" అంది అమ్మ.

మేస్త్రీ తెల్ల చొక్కా చేతులు మడుచుకుంటూ నవ్వాడు. "ఏమే నాగమ్మా, నేను లేకపోతే నీ మొగుడు ఆణ్ణే పోయేవోడు. నీకేమన్నా హిందీ వచ్చా? ఆడ డాక్టరు ఏం రాశాడో చదివొచ్చావా?"

అమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. వెంకటేశ్వర్లు కూడా నవ్వాడు, పప్పు తూకం వేస్తూనే. ఆ రోజు నుంచి మా ఇంటికి కొత్తవాళ్ళెవరైనా దారి అడిగితే, తాగి పడ్డ యల్లమంద ఇల్లా అని చూపించేవాళ్ళు.

అమ్మ రాళ్ళ పాలిషింగు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. నాన్న మాచర్ల రోడ్డు మీద ఖాదర్ మామ లారీ షెడ్డులో పంచర్లు వేయడానికి కూర్చున్నాడు. నన్ను పగలంతా ఖాదర్ మామ ఇంట్లో, ఆయన భార్య జరీనా పిన్ని దగ్గర వదిలేవాళ్ళు. నా చిన్నతనంలో సగం ఆ ఇంట్లో గడిచింది. తెల్లారితే వాకిట్లో వేపచెట్టు ఆకుల మీద సిమెంటు దుమ్ము సన్నగా పేరుకుని ఉండేది. పిన్ని ముందు ఆ కింద నీళ్ళు చల్లి, తర్వాత పొయ్యి వెలిగించేది. పాలు చిక్కబడేదాకా మరిగించి అందులో టీపొడి వేసేది. ఆ వాసనకి కుట్టు మిషను నూనె వాసన కలిసేది, ఎందుకంటే పొయ్యి పక్కనే మిషను, మిషను మీద ఎప్పుడూ ఎవరిదో ఒక జాకెట్టు. మధ్యాహ్నం చింతపండు పులుసు పోసిన పప్పు, అందులోకి నంజుకోడానికి వేయించిన ఎండుచేప. సాయంత్రం ఖాదర్ మామ వచ్చేసరికి చేతులు కడుక్కోడానికి సబ్బు కాదు, సర్ఫు పొడీ ఇసుకా కలిపి ఒక డబ్బా మూతలో పెట్టేది. నాన్న కూడా అదే మూతలో చెయ్యి పెట్టేవాడు. ఇద్దరి దగ్గరా ఒకటే వాసన, రబ్బరు సొల్యూషను వాసన. ఇప్పటికీ ఆసుపత్రిలో ప్లాస్టరు చుట్ట విప్పినప్పుడు దగ్గర దగ్గర అలాంటి వాసనే వస్తుంది, నాకు నాన్న గుర్తొస్తాడు.

పిన్ని ఇంట్లో ఒక నియమం ఉండేది. ఏది కావాలన్నా వాళ్ళ మాటలో అడగాలి. టీ అడిగితే ఇచ్చేది కాదు, చాయ్ దేవ్ అంటే ఇచ్చేది. మొదట్లో అది పిల్లాడితో ఆట. నేను దాన్ని పనిలా పెట్టుకున్నాను. అన్నం, నీళ్ళు, బెల్లం అందరూ నేర్చుకునేవే. నేను అడిగిన మాటలు వేరే.

"పిన్నీ, మొద్దుబారింది అని మీ మాటలో ఏమంటారు?"

"సున్న్ హో గయా. ఏం, నీ కాలుకేమన్నా అయ్యిందా? చూపియ్."

"నాకు కాదు."

"మరెవరికి రా?"

"ఎవరికైనా."

పిన్ని మిషను ఆపి నన్ను చూసింది. ఆమెకి అర్థమైంది. ఆ తర్వాత తానే చెప్పడం మొదలుపెట్టింది. బిగుసుకుపోయింది అంటే ఇది, చల్లబడింది అంటే ఇది, వేళ్ళు కదలడం లేదు అంటే ఇట్టా చెప్పాలి, మంట వేరు, పోటు వేరు, తిమ్మిరి వేరు. నేను స్నానం చేస్తూ వరసగా అప్పజెప్పేవాణ్ణి. ఖాదర్ మామ నవ్వేవాడు. "ఏందే జరీనా, పిల్లోడికి పద్యాలు నేర్పమంటే రోగాలు నేర్పుతున్నావు?" షెడ్డులో ఆగే ఉత్తరాది లారీ డ్రైవర్ల దగ్గర కూర్చోబెట్టి, పిన్ని ఉర్దూకీ వాళ్ళ హిందీకీ తేడా ఎక్కడో చూసుకొమ్మన్నది మాత్రం ఆయనే. నేను పదో తరగతికి వచ్చేసరికి బీహారు డ్రైవరు తిట్టే తిట్టుకి రాజస్థాను డ్రైవరుకి కోపం ఎందుకు రాలేదో చెప్పగలిగేవాణ్ణి.

ఇంటరు తర్వాత బీఎస్సీ నర్సింగులో చేరతానంటే అంజి అన్న మాట ఇది. "ఏందిరా, చీర కట్టిస్తారా నీకు? సిస్టరనాలా, బ్రదరనాలా?" అంజి ఆ రోజుల్లో మాతోపాటు ఇంటరు చదివి ఆపేశాడు. "ఏదన్నా అను, నీకు కాలు విరిగినప్పుడు పిలుద్దువు," అన్నాను. నాన్న మాత్రం ట్యూబుని నీళ్ళ బేసినులో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూస్తూ, "ఆ సిస్టరుకి తెలుగొచ్చుంటే సరిపోయేది," అన్నాడు. నేను ఏ చదువు ఎందుకు చదవాలో ఆ మాటతోనే తేలిపోయింది.

ఉద్యోగం ఇంటర్వ్యూలో నర్సింగు సూపరింటెండెంటు మార్కులు చూశాక అందర్నీ అడిగినట్టే నన్నూ ఏ భాషలు వచ్చని అడిగారు. తెలుగు, ఇంగ్లీషు అని మిగతావాళ్ళు చెప్పారు. నేను హిందీ, ఉర్దూ కూడా అన్నాను. సినిమా హిందీనా అన్నారు. కాదు మేడం, నొప్పి హిందీ అన్నాను. ఆవిడ నవ్వలేదు, లేచి నన్ను కింద క్యాజువాలిటీకి తీసుకెళ్ళారు. సిమెంటు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన జార్ఖండు కుర్రాడొకడు కడుపు పట్టుకుని ఉన్నాడు. పక్కనే వాళ్ళ మేస్త్రీ, "గ్యాసు మేడం, రాత్రి చికెను తిన్నాడు," అంటున్నాడు. నేను మేస్త్రీని పక్కకి జరగమని కుర్రాణ్ణి అడిగాను. కన్వేయరు దగ్గర ఇనుప కడ్డీ పొట్టలో గుచ్చుకోకుండా తగిలిందనీ, మూత్రంలో ఎరుపు కనిపించిందనీ, మేస్త్రీ చెప్పొద్దన్నాడనీ చెప్పాడు. వాణ్ణి స్కానింగుకి పంపారు. నన్ను మర్నాడు వచ్చి చేరమన్నారు.

ఇప్పుడు మా పల్నాడులో ఎటు చూసినా బయటి రాష్ట్రాల మనుషులే. ఫ్యాక్టరీల్లో, సున్నం బట్టీల్లో, మిల్లుల్లో, రోడ్డు పనుల్లో. ఒకప్పుడు మా నాన్న అక్కడ ఎలా పడుకున్నాడో వాళ్ళు ఇక్కడ అలా పడుకుని ఉంటారు. వాళ్ళ పక్కన కూడా ఒక కోటయ్య ఉంటాడు. మా వార్డుల్లో చాలాకాలం పద్ధతి ఒకటే, మేస్త్రీని అడుగు. పేషెంటు ముఖం చూసేది కూడా లేదు, ప్రశ్నా మేస్త్రీకే, జవాబూ మేస్త్రీదే. ఇప్పుడు కొందరు ఫోనులో తర్జుమా పెట్టి పేషెంటు ముఖం ముందు పట్టుకుంటున్నారు. మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పడానికి అది పనికొస్తుంది. కానీ మేస్త్రీ పక్కనుంచి కళ్ళెర్రజేస్తుంటే ఆ కుర్రాడు ఫోనుకి నిజం చెప్పడు. అందుకే నేను ముందు మేస్త్రీ చేతిలో చీటీ పెట్టి, "మేస్త్రీగారూ, కింద ఫార్మసీలో ఇవి తీసుకురండి," అని పంపేస్తాను. ఆ చీటీలో ఉండేది దూదీ గాజుగుడ్డా. అతను తిరిగి వచ్చేసరికి నాకు కావలసింది తెలిసిపోతుంది. ఈ పద్ధతి ఇప్పుడు మా కొత్త పిల్లలు కూడా నేర్చుకున్నారు. హిందీ మాత్రం నేర్చుకోమంటే, డ్యూటీ అయ్యాక ఓపికెక్కడిది బ్రదర్ అంటారు. ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు, కానీ అది ఇంకొకరికి నేర్పగలిగేది కాదు.

కోటయ్య మేస్త్రీ దగ్గరకి వస్తాను. అతనికి వైద్యంలో నేను చేయవలసిందేదీ తగ్గించలేదు. మందు సమయానికి వేశాను, గొట్టంలోంచి పాలు గోరువెచ్చగానే పోశాను, పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాను. తిప్పినప్పుడల్లా చెవి దగ్గర వంగి హిందీలో మాట్లాడాను. హిందీలో ఎందుకంటే అతని పెళ్ళాం బిడ్డలకి రాదు, అతనికి వచ్చు. మొదటిసారి చెప్పింది, నేను యల్లమంద కొడుకుని. అతని ఎడమ చెయ్యి దుప్పటి పట్టుకుంది. తర్వాత్తర్వాత మిగతావి చెప్పాను. నాన్న కర్ర గుమ్మం పక్కన ఎక్కడ పెడతాడో, వాన పడితే మిగిలిన కాలు ఎలా జారుతుందో, వెంకటేశ్వర్లు కొట్టు ముందు మా అమ్మ ఎలా నిలబడిపోయిందో. ఎవరైనా చూస్తే బ్రదర్ పేషెంటుకి ధైర్యం చెబుతున్నాడు అనుకునేవాళ్ళు. రాఘవమ్మ అనుకుంది కూడా. "చానా మంచోడివయ్యా, మా ఆయనతో ఎంత ఓపిగ్గా మాట్లాడుతున్నావు," అని ఒక బత్తాయి చేతిలో పెట్టింది. తీసుకున్నాను, తిన్నాను.

కొన్నాళ్ళకి అతనికి కొద్దికొద్దిగా మాట రావడం మొదలైంది. కానీ వచ్చింది తెలుగు కాదు. ఇరవై ఏళ్ళకు పైగా బయటి రాష్ట్రాల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాడిన హిందీ ముందు వచ్చింది. రెండు భాషలవాళ్ళకి అరుదుగా ఇలా జరుగుతుందని, తెలుగు వెనకాల రావచ్చని డాక్టరుగారు చెప్పారు. ఇంట్లోవాళ్ళు హడలిపోయారు.

"బ్రదర్, మా నాన్న ఏందో అంటున్నాడు, మతి పోయిందా ఏంది?" అని శ్రీను పరిగెత్తుకొచ్చాడు.

వెళ్ళి విన్నాను. "ఠండ్... ఠండ్," అంటున్నాడు మేస్త్రీ.

"చలేస్తోందట. ఏసీ తగ్గించి దుప్పటి కప్పండి," అన్నాను.

ఆ రోజు నుంచి ఆ కుటుంబానికి మేస్త్రీ నోరు నేనే. దాహం అంటే దాహం అని చెప్పాను, నడుము నొప్పి అంటే నడుము నొప్పి అని చెప్పాను. మనవరాలి పేరు అడిగితే పిల్లని తీసుకురమ్మన్నాను. అబద్ధం ఒక్కటీ కలపలేదు. కలపడం ఎంత తేలికో మొదటి రోజే తెలిసింది. ఏ మాట చెప్పినా ఆ నలుగురూ నమ్ముతారు, పడక మీద మనిషి కాదనలేడు. నాన్న పడక పక్కన నిలబడ్డప్పుడు కోటయ్య మేస్త్రీకి ఎంత సుఖంగా ఉండి ఉంటుందో అప్పుడు అర్థమైంది. నేను అతని కంటే మెరుగైన తర్జుమాదారుణ్ణి అని నిరూపించుకుంటే చాలదనిపించింది. అతని మాటతోనే అతన్ని పట్టుకోవాలి.

మాట పూర్తిగా రావాలంటే రోజూ తెలిసిన విషయాలు అడిగి జవాబు చెప్పించాలి, ఇది వ్యాయామం. సందర్శకుల వేళలో చేస్తే ఇంటివాళ్ళు కూడా నేర్చుకుంటారు. ఆ సాయంత్రం మొదట రాసిన వాళ్ళందరూ ఉన్నారు. నేను స్పూనుతో నీళ్ళు తాగించి, పేరు అడిగాను, చెప్పాడు. ఊరు అడిగాను, చెప్పాడు. అంజి ముచ్చటపడ్డాడు. "అబ్బో, పెదనాన్న బొంబాయి సేటులాగా మాట్లాడుతున్నాడే!" అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా ఎడమ పక్క నోటితో నవ్వాడు.

అప్పుడు అదే గొంతుతో, అదే నవ్వుతో హిందీలో అడిగాను. యల్లమందకి ఆ రోజు ఏమైంది?

పేరు మాత్రం అందరికీ అర్థమైంది. మిగతాది అర్థం కాలేదు. మేస్త్రీ నా ముఖంలోకి చూశాడు. తర్వాత చుట్టూ ఒకసారి చూశాడు. ఆ చూపు ఏం లెక్క వేస్తోందో నాకు తెలుసు. చుట్టూ అందరూ తెలుగువాళ్ళు. హిందీ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు ఎలాగూ తెలుసు. ఈ మనుషుల మధ్య హిందీలో చెప్పిన మాట ఎవరి చెవికీ చేరదు. అతను బతుకంతా నిజాన్ని దాచుకున్న చోటు అదే. పక్షవాతం కుడి చెయ్యి తీసుకుంది కానీ ఆ అలవాటుని తీసుకోలేదు.

"గిరా నహీ," అన్నాడు మెల్లగా. ఊపిరి తీసుకున్నాడు. "రస్సీ టూటీ." మళ్ళీ ఊపిరి. "దారూ నహీ."

నేను అడగనిది ఇంకొకటి వచ్చింది. అతని ఎడమ చెయ్యి తన కాలి వైపు జరిగింది. "సున్న్... బోలా. మై నహీ బోలా."

చిన్నప్పుడు పిన్ని మిషను పక్కన నేర్చుకున్న మాట అది. అది అతని నోట వస్తుందని నేను ఎదురుచూడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాను. తర్వాత రాఘవమ్మ వైపు తిరిగి, తర్వాత కొట్టు వెంకటేశ్వర్లు వైపు తిరిగి, వార్డు చివరి దాకా వినపడేలా, ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పాను.

"మేస్త్రీగారు అంటున్నారు. యల్లమంద పడలేదు. తాడు తెగింది. అతను తాగలేదు. కాలు మొద్దుబారిందని అతను చెప్పాడు. నేను ఆ మాట నర్సుకి చెప్పలేదు."

మొదట మేస్త్రీకే అర్థమైంది, తన మాట తెలుగులోకి వచ్చేసిందని. ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకోబోయాడు, అందలేదు. రాఘవమ్మ భర్త ముఖం చూస్తూ, "ఏందయ్యా... ఏంది నువ్వన్నది?" అంది. శ్రీను నా మీదికి ఒక అడుగు వేశాడు. "ఏం బ్రదర్, మా నాన్న అన్నాడో, నువ్వంటున్నావో మాకెట్టా తెలిసేది? మాకు హిందీ వచ్చా?"

అదే ప్రశ్న. అతని తండ్రి మా అమ్మని అడిగిన ప్రశ్న. ఇన్నేళ్ళ తర్వాత నా దగ్గర దానికి జవాబు ఉంది. "ఆయన్నే అడుగు. మాట రాకపోయినా మీరన్నది అర్థమవుతుంది. అవునా కాదా అని అడుగు," అన్నాను.

శ్రీను అడగలేదు. అడిగింది వెంకటేశ్వర్లు. పడక దగ్గరకి వచ్చి వంగి, "కోటయ్యా, నువ్వేనా అన్నది? యల్లమంద తాగలా?" అన్నాడు. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. తల ఒకసారి అడ్డంగా ఊపాడు. తాగలేదని. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. పక్షవాతం తర్వాత ఊరికే ఏడుపు రావడం మామూలే, అది జబ్బు లక్షణం. నేను దాన్ని ఆ రోజు నోట్సులో లక్షణాల కిందే రాశాను.

వాళ్ళు వెళ్ళాక సుజాత సిస్టర్ నన్ను స్టోరు గదిలోకి పిలిచారు.

"ఇది స్పీచ్ ఎక్సర్‌సైజేనా?"

"పేషెంటు మొదటిసారి వరసగా అన్ని మాటలు మాట్లాడాడు సిస్టర్."

"పేషెంటుని నలుగురిలో నిలబెట్టావు నువ్వు."

"నిలబడలేదు సిస్టర్. మా నాన్న కూడా నిలబడలేడు."

ఆవిడ కాసేపు చేతిలో ఉన్న మందుల పెట్టె సర్దారు. "రేపట్నుంచి నాలుగో పడక నీకొద్దు. నేను చూసుకుంటా," అన్నారు. సరే అన్నాను. ఆవిడ చేసింది సరైన పనే, ఇన్‌ఛార్జిగా నేనున్నా అదే చేసేవాణ్ణి. అంతమాత్రాన నేను చేసింది వెనక్కి తీసుకోను. మరుసటి రోజు శ్రీను వార్డు గుమ్మంలో నాకు ఎదురొచ్చి, ముఖం పక్కకి తిప్పుకుని, చివరికి అడగక తప్పక అడిగాడు. "మా నాన్న ఏందో అంటున్నాడు. ఒకసారి వచ్చి చెప్తారా?" డ్యూటీ మారిందని చెప్పాను. సుజాత సిస్టరుకి హిందీ రాదు. ఫోను ఉందిగా, అందులో పెట్టి వినండి అన్నాను.

సెలవు రోజు దాచేపల్లి వెళ్ళాను. నేను చేరేలోపే వెంకటేశ్వర్లు కొట్టు నుంచి వార్త వచ్చేసింది. అమ్మ ఆ పూట ఫ్యాక్టరీకి వెళ్ళకుండా, ఏమీ కొనే పని లేకపోయినా, సంచీ పట్టుకుని రెండుసార్లు కొట్టుకి వెళ్ళి వచ్చిందట. జరీనా పిన్ని నన్ను చూసి మిషను ఆపి, "సున్న్ అన్నాడంటనే? నోటితో అన్నాడా?" అని అడిగింది. అన్నాడని చెప్పాను. ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది, మామూలు కంటే గట్టిగా.

నాన్న షెడ్డులో ఉన్నాడు. కర్ర గోడకి, కాలు చాపుకుని, బేసినులో ట్యూబు. నేను మొదటి నుంచి చివరి దాకా వరసగా చెప్పాను. మొద్దుబారిన మాట దగ్గరకి వచ్చినప్పుడు నాన్న ట్యూబు తిప్పడం ఆపాడు. అంతా అయ్యాక నీళ్ళలోకే చూస్తూ అడిగాడు.

"ఎంతమంది విన్నార్రా?"

పేర్లు చెప్పాను. రాఘవమ్మ, శ్రీను, శ్రీను భార్య, మేస్త్రీ తమ్ముడు, వెంకటేశ్వర్లు, అంజి, ఎడ్లపాడు పెద్దాయన, ఆయన కూతురు, సుజాత సిస్టర్. తొమ్మిది మంది.

"కోటయ్య విన్నాడా? తెలుగులో నువ్వు చెప్పింది?"

"విన్నాడు నాన్నా."

"అయితే వాణ్ణి కూడా కలుపు."

కలిపాను. పది మంది.